పదకొండో మంచం

పెద్ద వరద వచ్చి వెళ్ళిన ఆరో ఏడు అది.

మిట్టమధ్యాహ్నం అల్లుడు వచ్చాడు. వచ్చినవాడు కూర్చోలేదు. గుమ్మానికి చెయ్యి ఆనించి, గోడ వారగా పడి ఉన్న పక్కబట్టల మూటల వంక చూశాడు. ఆ మూటలు అతనివే. లాండ్రీ వాళ్ళు తామిచ్చిన క్వార్టరు రేపు సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నారని అతను పొద్దున అన్నాడో లేదో, పెళ్ళాం మూటలన్నీ తోపుడుబండి మీద వేయించుకుని పుట్టింటికి వచ్చేసింది. ఆమె గడువు దాకా ఆగే రకం కాదు.

"అన్నీ తెచ్చేశావా?" అన్నాడు.

"మిమ్మల్ని తప్ప," అంది ఆమె.

మావగారు, తాళాల మేస్త్రి, తలెత్తలేదు. కిటికీ కింద బల్ల మీద ఒక పాత తాళంకప్ప విప్పి పెట్టుకుని, లోపలి స్ప్రింగు చూస్తున్నాడు. మాటల దగ్గర ఆయన మొదటి నుంచీ పిసినారి. పిల్లనిచ్చేటప్పుడు కూడా అల్లుడితో నాలుగు మాటలు మాట్లాడాడట. నాలుగోది "సరే".

"నిలబడే మాట్లాడతావా బాబూ, కూర్చో," అంది అత్తగారు.

"కూర్చునే టైము లేదత్తయ్యా. మేనేజరు గంట ఇచ్చి పంపించాడు." అల్లుడు గొంతు తగ్గించాడు. "మావయ్యా, దొరికింది."

"ఏం దొరికింది?"

"మీ సంఘానికి ఎక్కి మా మీద చెప్పిన మనిషి."

మేస్త్రి చేతిలో స్ప్రింగు జారి బల్ల కిందికి పోయింది. ఆయన వంగి తీసుకోలేదు.

ఆ సంఘానికి పేరు చాలా పెద్దది, ఊరి మానవ హక్కుల కమిషన్. జీతాల్లేవు, జీపు లేదు, లాఠీ లేదు. ఏడుగురు మనుషులు, ఆరు కుర్చీలు. గ్రంథాలయం మేడ మీద గది. ఎవరి మీదైనా అన్యాయం జరిగిందంటే ఇద్దరు సభ్యులు కూర్చుని వింటారు. విన్నది రాసి, చెప్పిన మనిషికి చదివి వినిపిస్తారు. పేరు మాత్రం కాగితం మీద పెట్టరు. నకలు ఒకటి అవతలివాళ్ళకి ఒక సభ్యుడు స్వయంగా ఇచ్చి, సంతకం తీసుకుని వస్తాడు. పది రోజుల్లో జవాబు చెప్పాలి. అంతే. వరదప్పుడు చెక్కలు ఉబ్బి ఊళ్ళో తలుపులన్నీ బిగుసుకుపోతే, లోపల చిక్కుకున్నవాళ్ళ కోసం నలభై ఇళ్ళ తలుపులు ఊరికే తెరిచాడని మేస్త్రిని అందులోకి లాక్కొచ్చింది నర్సమ్మ. ఆవిడ పెద్దాసుపత్రిలో చేసి రిటైరయింది. ఇప్పుడు సంఘానికి పెద్ద.

లాండ్రీ మీద వచ్చిన ఫిర్యాదు ఒకటే. డ్యూటీ దిగిన ఆడవాళ్ళని పడక గదిలో పెట్టి, బయట నుంచి తాళం వేస్తున్నారు. మళ్ళీ డ్యూటీ ఎక్కేదాకా తియ్యరు. నలభై మంది, ఒక్క తలుపు.

అల్లుడు ఆ లాండ్రీలోనే సూపర్‌వైజరు. ఆ తాళంచెవి అతని నడుముకే వేలాడుతుంది.

"ఎలా దొరికింది?" అంది కూతురు. మొగుణ్ణి అడిగింది గాని చూపు తండ్రి మీద ఉంది.

అల్లుడు జేబులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పరిచాడు. సంఘం ఇచ్చిన నకలు. దాని కింద సగం పేజీ బొమ్మ. తలుపు, మధ్య పలకలో నిలువు చీలిక, ఆ చీలికలోంచి అవతల వేలాడే తాళంకప్ప కడుపు, దాని మీద రెండు రివెట్లు.

ఆ బొమ్మ మేస్త్రి వేసింది. ఆయన చదువు మూడో తరగతితో సరి. నాలుగు లైన్లు రాయాలంటే పూట పడుతుంది. అందుకని ఆ రోజు నర్సమ్మ రాస్తుంటే, ఈయన బొమ్మ వేశాడు. కంటితో చూడని తాళానికి చెవి చెయ్యాలంటే తాళాలవాడు అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. నువ్వు ఎక్కడున్నావు, ఎంత ఎత్తున చూశావు, ఎడమకా కుడికా, ఎంత కనపడింది. నలభై ఏళ్ళుగా నోటికి అలవాటైన ప్రశ్నలు. అవే అడిగాడు. ఫిర్యాదు చేసినామె చెప్పింది. చెప్పింది చెప్పినట్టు గీశాడు. కొలత తప్పలేదని లోలోపల కాస్త మురిశాడు కూడా.

"ఈ కాగితం పట్టుకుని ఒక్కో మంచం మీద పడుకుని చూశాను మావయ్యా," అన్నాడు అల్లుడు. "మేనేజరు నా నెత్తిన నిలబడి పడుకోమన్నాడు. మొదటి మంచం నుంచి చీలికే కనపడదు. ఆరో దాన్నుంచి చీలిక కనపడుతుంది, కప్ప కనపడదు. పదకొండో మంచం మీద పడుకుని తల ఇలా తిప్పేసరికి..." అతను ఆగిపోయాడు. "అచ్చు ఇదే. రెండు రివెట్లతో సహా."

కూతురు బల్ల దగ్గరికి వచ్చి బొమ్మ మీదికి వంగింది.

మేస్త్రి ఆ బొమ్మ వంక చూస్తూ ఉండిపోయాడు. పేరు రాయకూడదని ఏడుగురూ ప్రమాణం చేసిన కాగితం మీద, ఆయన ఆ మనిషి తల ఎక్కడ పెట్టుకుని పడుకుంటుందో గీసి ఇచ్చాడు. తన చేత్తో తనే.

"రిజిస్టరు చూశాం. పదకొండు పిచ్చుకది," అన్నాడు అల్లుడు.

"పిచ్చుకా?" అన్నాడు మేస్త్రి.

అన్నాక తెలిసింది అనకూడదని. అల్లుడు మావగారి ముఖం వంక చూశాడు. పుస్తకం చదివినట్టు చూశాడు.

"అయితే పిచ్చుక కాదన్నమాట," అన్నాడు మెల్లిగా.

మేస్త్రి బల్ల మీది కాగితం బోర్లించాడు.

"కాదు కదా? మరెవరు?"

"నేనేం అనలేదు."

"మీరు అనక్కర్లేదు మావయ్యా. మీ ముఖానికి తాళం లేదు." అల్లుడు గుమ్మం వదిలి మొదటిసారి లోపలికి వచ్చాడు. "పొద్దున్నుంచి ఆ పిల్లని ఆవిరి గదిలో పెట్టాడు మేనేజరు. ఎవరు నేర్పించారో చెప్పేదాకా బయటికి రానివ్వనన్నాడు. అది ఏడుస్తోంది, నాకు తెలీదు బాబోయ్ అంటోంది. నేను అబద్ధమనుకున్నాను."

పిచ్చుక అంటే లాండ్రీలో దుప్పట్లు పిండే పిల్ల. పిడికెడంత మనిషి, అందుకే ఆ పేరు. దానికి ఊపిరితిత్తులు బాగాలేవు. చీలికలోంచి వచ్చే చలిగాలికి దగ్గు తిరగబెడుతోందని, రెండు నెలల కిందట ఇస్త్రీ చేసే ఆమె తన మంచం దానికిచ్చి, పదకొండో దాని మీదికి తను మారింది. ఆడవాళ్ళు వాళ్ళలో వాళ్ళు సర్దుకున్నారు. రిజిస్టరులో ఎవరూ మార్చలేదు. ఫిర్యాదు చేసింది ఆ ఇస్త్రీ ఆమె. ఈ సంగతి నర్సమ్మకీ మేస్త్రికీ తప్ప ఇంకెవరికీ తెలీదు.

ఆవిరి గది అంటే బాయిలరు పక్కన కిటికీ లేని కొట్టు. బాగున్నవాళ్ళే గంట ఉండలేరు.

"నువ్వు తియ్యొచ్చు కదా తలుపు? తాళంచెవి నీ దగ్గరేగా," అన్నాడు మేస్త్రి.

"తీస్తే రేపు నేను ఎక్కడుంటాను?"

"ఇక్కడుంటారు," అంది కూతురు. "మూటలు తెచ్చేశాను కదా."

"నువ్వుండు. ఇల్లు ఒక్కటే కాదే. ఆ మేనేజరు సంగతి నీకు తెలీదు." అల్లుడి నుదుటి మీద చెమట పట్టింది. "రేపు పొద్దున ఏడింటికల్లా మీ నాన్న చేత్తో రాసిన కాగితం కావాలన్నాడు. ఫిర్యాదు తప్పు, వెనక్కి తీసుకుంటున్నాం అని. లేదా అసలు మనిషి పేరు. రెంట్లో ఏదో ఒకటి. తేకపోతే తాళాలు వేసిందంతా నేనేనని, తనకి తెలీదని నా మీద రాసేస్తాడు. కాగితం తయారుగా ఉంది. చూపించాడు."

"ఎవరు వేశారు మరి?" అంది కూతురు. "వేసింది మీరే కదా. మూడేళ్ళుగా రోజూ సాయంత్రం వేసి వచ్చి, నా చేతి తిండి తింటున్నారు. ఏనాడైనా చెప్పారా నాకు?"

అల్లుడు నడుముకున్న తాళంచెవి మీద చెయ్యి వేశాడు.

"చెప్పలేదు. నాన్న కూడా చెప్పలేదు. నకలు ఇవ్వడానికి మీ గేటు దాకా వచ్చి, మన ఇంటి ముందు నుంచే నడిచి వెళ్ళాడు, గుమ్మం ఎక్కి ఒక్క మాట అనలేదు. మీ ఇద్దరికీ నేనొక గోడని."

"ఏమయ్యా," అంది భార్య. ఆవిడ అప్పటిదాకా మూటల పక్కన కూర్చుని ముడులు సవరిస్తోంది. "ఊరందరి తలుపులూ తీశావు. సంతోషం. కూతురి తలుపు మూయిస్తావా?"

మేస్త్రి బల్ల కిందికి వంగి స్ప్రింగు వెతుక్కున్నాడు.

అల్లుడు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"పిచ్చుక కాదని నేను మేనేజరుకి చెప్పను," అన్నాడు వెనక్కి తిరగకుండా. "చెబితే నలభై మందినీ వరసగా ఆ గదిలో పెడతాడు. చెప్పకపోతే అదొక్కతే. మీకు ఎలా నిద్ర పడుతుందో నాకు తెలీదు మావయ్యా. నాకు మూడేళ్ళుగా పట్టట్లేదు."

అతను వెళ్ళిపోయాక కూతురు ఆ మూటల్లో ఒకదాని మీద కూలబడింది. ఏడవలేదు. అది చూసే మేస్త్రికి భయం వేసింది.

నాలుగింటికి లాండ్రీ బండి మేస్త్రి దుకాణం ముందు నుంచి వెళుతుంది. ఆసుపత్రికి ఉతికిన దుప్పట్లు. ముందు ఇస్త్రీ ఆమె తోస్తుంది, వెనక వాచ్‌మన్ నడుస్తాడు. ఆ రోజు బండి సరిగ్గా దుకాణం ఎదుట ఆగిపోయింది.

"చక్రం పట్టేసినట్టుంది మేస్త్రి గారూ, కాస్త చూడండి," అంది ఆమె, వీధికంతా వినిపించేట్టు.

వాచ్‌మన్ ఎదురు టీ బంకు దగ్గరికి వెళ్ళాడు గాని చూపు ఇటే ఉంచాడు. మేస్త్రి నూనె డబ్బా పట్టుకుని చక్రం దగ్గర చతికిలబడ్డాడు. చక్రానికి ఏ రోగమూ లేదు. ఆమె కూడా వంగింది.

"దాన్ని పట్టుకున్నారు," అంది పెదాలు కదలకుండా.

"తెలుసు."

"గోడ అవతల ఇస్త్రీ చేస్తున్నాను నేను. పొద్దున దగ్గు వినిపించింది. మధ్యాహ్నం కూడా వినిపించింది. ఇందాక బయల్దేరేటప్పుడు గోడకి చెవి పెట్టాను." ఆమె చక్రం మీద చెయ్యి వేసింది. "వినపడలేదు మేస్త్రి గారూ."

చక్రానికి పడాల్సిన నూనె మట్టిలో పడింది.

"వెళ్ళి నేనేనని చెప్పేస్తాను."

"వద్దు."

"మరేం చెయ్యమంటారు? పదకొండో మంచం మీద పడుకునేది ఇప్పుడు నేను. రిజిస్టరులో దాని పేరుందని పట్టుకున్నారు దాన్ని."

"నువ్వు చెప్పినా దాన్ని వదలరు. నిన్నూ తోస్తారు అందులోకి."

"పేరు బయటికి రాదన్నారు మీరు. నర్సమ్మ చదివి వినిపించింది నాకు, నా పేరు ఎక్కడా లేదు. అప్పుడు నాకు ఎంత ధైర్యం వచ్చిందో. పదకొండో మంచమని ఎలా తెలిసింది వాళ్ళకి?"

మేస్త్రి తల ఎత్తలేకపోయాడు. బొమ్మ సంగతి ఆమెకి తెలీదు. ఆమెకి వినిపించింది రాసినదే, బొమ్మ చదివితే వినపడేది కాదు.

"నా వల్ల," అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. వాచ్‌మన్ గ్లాసు కింద పెట్టి ఇటు నడుస్తున్నాడు.

"రేపు పొద్దున దాకా నోరు విప్పకు," అన్నాడు మేస్త్రి. "నా మాట విను తల్లీ. రేపు పొద్దున దాకా."

"దానికి రేపు పొద్దున ఉంటే కదా," అంది ఆమె లేస్తూ. ఆ తర్వాత గట్టిగా, "ఇప్పుడు బాగుంది మేస్త్రి గారూ, వస్తాను," అంది. బండి కదిలిపోయింది.

పొద్దు గుంకక ముందే మేస్త్రి గ్రంథాలయం మెట్లు ఎక్కాడు. నర్సమ్మ అంతా విన్నది. విన్న వెంటనే కిందికి వెళ్ళి పోలీసు స్టేషనుకి ఫోను చేసి వచ్చింది. వచ్చి కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంది. తుడవడం అయ్యాక మళ్ళీ తుడిచింది.

"ఏమన్నారు?" అన్నాడు.

"ఎవరైనా రాసిచ్చి సంతకం పెడితే వస్తారట. పేరు లేని కాగితం చూసి లాండ్రీలో అడుగు పెట్టలేమన్నారు. స్టేషను దుప్పట్లు ఆ మేనేజరు ఊరికే ఉతికించి పెడతాడు లే." ఆమె ఆయన వంక చూసింది. "మన ఏడుగురిలో ఎవరూ ఆ గది లోపల కాలు పెట్టలేదు. చూసినవాళ్ళు కావాలి."

"నేను పెట్టాను."

"ఏంటి?"

"ఆ తాళం నాది," అన్నాడు మేస్త్రి. "ఆరేళ్ళ కిందట, వరద అయిపోయాక, నేనే చేశాను. గోడౌనుకి అన్నాడు మేనేజరు. గొళ్ళెం నేనే బిగించాను, బయటి వైపు. లోపలికి వెళ్ళి తలుపు కొలిచాను. గోడకి బట్టలు తగిలించుకునే కొక్కేలున్నాయి. మూల నీళ్ళ కుళాయి ఉంది. గోడౌనుకి కుళాయి ఎందుకని అడగలేదు."

నర్సమ్మ కళ్ళజోడు పెట్టుకుంది.

"ఎప్పుడు గుర్తుపట్టావు?"

"ఆమె రెండు రివెట్లు అనగానే. ఈ ఊళ్ళో ఆ కప్ప చేసేవాణ్ణి నేనొక్కణ్ణే."

"అయితే ఆ క్షణమే నువ్వు లేచి వెళ్ళిపోవాల్సింది. సంబంధం ఉన్నవాడు వినడానికి కూర్చోకూడదు. అది మనం పెట్టుకున్న మొదటి మాట." ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి. "కూర్చున్నావు. పైగా బొమ్మ వేశావు."

"వేశాను."

"ఎందుకు చెప్పలేదు?"

"అల్లుడు," అన్నాడు. తర్వాత "నేను," అన్నాడు.

ఆయన బల్ల మీది కాగితం ముందుకు లాక్కున్నాడు. నాలుగు లైన్లు రాయడానికి వెలుతురంతా సరిపోయింది. నర్సమ్మ తీసుకుని చదివింది. తాళం నేను చేశాను. గది లోపల చూశాను, అందులో మనుషులుంటారని తెలిసి ఊరుకున్నాను. బొమ్మ నేను వేశాను. ఫిర్యాది నేనే, ఇంకెవరూ కాదు. కింద ఆయన పూర్తి పేరు, సంతకం.

"చివరి మాట నిజమేనా?" అంది.

"మొదటి మూడూ నిజం. చివరిది నువ్వు అడగొద్దు."

"ఇది ఇస్తే నువ్వు సభ్యుడివి కావు. అల్లుడి ఉద్యోగం పోతుంది. వాళ్ళు నీ మీద ఏం పెడతారో తెలీదు."

"తెలుసు."

"రాత్రి కాగితాలు తీసుకోరట. పొద్దున ఎనిమిదింటికి స్టేషనులో నకలు ఇచ్చి, వాళ్ళని వెంటబెట్టుకుని నేను వస్తాను. అప్పటిదాకా ఆగు. ఫిర్యాదు మీద వెళ్ళినవాళ్ళు ఒంటరిగా లోపలికి అడుగు పెట్టకూడదు, ఎవరు పిలిచినా సరే. అదీ మన మాటే. ఇదొక్కటైనా విను."

మేస్త్రి తల ఊపాడు. అవునన్నాడో కాదన్నాడో ఆవిడకి తెలియలేదు.

మర్నాడు పొద్దున ఆయన దుకాణం తియ్యలేదు. భార్య ఎక్కడికని అడిగింది. "పనుంది," అన్నాడు. కూతురు ఏమీ అడగలేదు, మూటల పక్కన పడుకునే కళ్ళు తెరిచి చూసింది.

ఏడు కావడానికి పది నిమిషాలుందనగా లాండ్రీ గేటు దగ్గర ఉన్నాడు. అల్లుడు గేటులోని చిన్న తలుపు తీసి బయటికి వచ్చాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తెచ్చారా?"

మేస్త్రి కాగితం ఇచ్చాడు. అల్లుడు నిలబడి చదివాడు. చదువుతున్నకొద్దీ ముఖాన నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"ఇది కాదు మావయ్యా వాడు అడిగింది."

"నా దగ్గర ఉన్నది ఇదే. సంతకం పెట్టి తీసుకో."

"తీసుకుంటే నేను పోతాను."

"ఆ పిల్ల ఎలా ఉంది?"

అల్లుడు ఆయన వంక చూడలేదు. చూపు గేటు ఇనుప చువ్వల మీద పెట్టాడు.

"ఎలా ఉంది, అల్లుడూ?"

లోపల్నుంచి మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో టీ కప్పు. అల్లుడి చేతిలోంచి కాగితం తీసుకుని, తీరిగ్గా రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీరేనా ఫిర్యాది," అన్నాడు. "ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండకపోను కదా పెద్దాయనా. ఆ పిల్లని తీసుకుపోండి మరి. దానంతట అది లేచేలా లేదు. రండి, లోపలికి రండి."

చిన్న తలుపు పక్కకి జరిగి దారి ఇచ్చాడు. వెనకాల గోడ వారగా ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు, లాండ్రీ పనివాళ్ళలా లేరు. వీధి చివర గడియారం ఏడు కొట్టింది. నర్సమ్మ రావడానికి ఇంకా గంట పైన ఉంది.

అల్లుడు కదలకుండా, మేనేజరుకి వినపడకుండా అన్నాడు. "వెళ్ళకండి మావయ్యా."

నిన్నటిదాకా నడిపించిన భయం ఇప్పుడు కూడా ఆయన కాళ్ళలోనే ఉంది. ఆయన గేటు చువ్వ పట్టుకుని, ఒక కాలు ఎత్తి గడప అవతల పెట్టాడు. తర్వాత రెండోది.